యమునాబాయి పాస్ చేసిన లాప్‌టాప్

ముంబై దగ్గరి భివండీలో పద్మనగర్ దాటి వరాలా తలావ్ వైపు వెళ్ళే దారిలో ఒక రేకుల గోదాం ఉంది. మగ్గాల మీద నుంచి దిగిన బట్ట బజారుకు పోయే ముందు అక్కడికి వస్తుంది. లోపల పన్నెండు అద్దం బల్లలు, ఒక్కో బల్ల కింద నాలుగు ట్యూబులైట్లు, ఒక్కో బల్ల ముందు ఒక ఆడమనిషి. కింది నుంచి వెలుతురు పడుతుంటే పైన బట్ట తాను జరుగుతూ పోతుంది. తెగిన పోగు, అడ్డంగా నేసే పేక తప్పిన చోటు, నూనె మరక, ఏది కనిపించినా సుద్దముక్కతో గీత గీయాలి. తప్పు పెద్దదైతే 'సెకండ్' అని ముద్ర కొట్టాలి. లేదంటే తాను చివర తన నంబరు రాసి పాస్ చేయాలి. ఏడో నంబరు యమునాబాయిది.

పాస్ చేసిన తానులో తర్వాతెప్పుడైనా తప్పు బయటపడితే వ్యాపారి ఊరుకోడు, తానును వెనక్కి పంపుతాడు. అది ఎవరి నంబరుతో పోయిందో ఆ మనిషే దాన్ని అందరి ముందూ విప్పి, తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించి, తన చేత్తోనే సెకండ్ ముద్ర కొట్టాలి. ఇది కాగితం మీద రాసుకున్న నియమమేమీ కాదు. కాగితం మీద రాసినవి ఆ గోదాంలో ఒక్కటీ నడవవు, ఇది మాత్రం నడుస్తుంది. ఆ తిరిగొచ్చిన తానును 'వాపసీ' అంటారు. అందరికీ ఏడాదికి రెండో మూడో వాపసీలు వస్తాయి, సిగ్గుపడతారు, టీ తాగి మరిచిపోతారు. యమునాబాయికి ఇరవై రెండేళ్ళలో ఒక్కటి కూడా రాలేదు. అందుకని ఆమెకు కొంచెం టెక్కు ఉన్న మాట నిజమే. ఉండకూడదని ఎవరైనా ఎలా అనగలరు?

ఆమె పుట్టింది భివండీలోనే. తండ్రి సిరిసిల్ల దగ్గరి నుంచి మగ్గం నడపడానికి వచ్చి, వెళ్ళిపోదాం వెళ్ళిపోదాం అనుకుంటూనే ఇక్కడే ఉండిపోయాడు. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు తండ్రికి అన్నం డబ్బా ఇవ్వడానికి షెడ్డుకు పోతే, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరొచ్చి తగిలి ఎడమ కనుబొమ్మ రెండుగా చీలింది. కన్ను దక్కింది, మచ్చ మిగిలింది. పద్దెనిమిదేళ్ళకు షోలాపూర్ సంబంధం ఒకటి వచ్చి, పెళ్ళివాళ్ళు మచ్చ చూసి, మిఠాయి తిని, మళ్ళీ కబురు చేయలేదు. తర్వాత కొడుకు దత్తాత్రికి పిల్లను చూడడానికి దుర్గవ్వ వచ్చింది. ఆవిడ పిల్ల మొహం వైపు పెద్దగా చూడలేదు. కొంగు ముడి విప్పి, తెగిన నూలుపోగు ఒకటి తీసి, "అతుకు చూద్దాం" అంది. యమున అతికింది. ముడి ఎక్కడుందో దుర్గవ్వ వేళ్ళకు దొరకలేదు. పెళ్ళయింది. దత్తాత్రి ఇప్పుడు శాంతి నగర్‌లో ఒక సేటు దగ్గర ఎనిమిది మగ్గాలు చూసుకుంటాడు. మాటలు తక్కువ మనిషి. మగ్గాల మోతలో ఎలాగూ వినపడవని మానేశాడంటుంది భార్య.

వాళ్ళకు లేకలేక పుట్టిన పిల్ల సాక్షి. ఈ యేడు పదకొండో తరగతిలో చేరి కంప్యూటర్ సబ్జెక్టు తీసుకుంది. బడిలో పనిచేసే కంప్యూటర్లు ఎనిమిది, పిల్లలు అరవై మంది. ఒక్కో కుర్చీలో ఇద్దరు, వెనక ఐదారుగురు. సాక్షి నెమ్మదస్తురాలు, ఎప్పుడూ వెనక వరసే. నిలబడి చూసింది ఇంటికొచ్చి నోట్‌బుక్కులో రాసుకునేది. ప్రోగ్రాములన్నీ పెన్నుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో. కాగితం మీద రాసిన ప్రోగ్రాము తప్పో ఒప్పో కాగితం చెప్పదు గదా. దీపావళి ముందు కంప్యూటర్ చెప్పే ఆర్తి మేడమ్ క్లాసులో తేల్చి చెప్పేసింది: సెలవులు కాగానే పరీక్ష పెడతాను, కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాము రాసి నడిపించి చూపించాలి, చేతగాని వాళ్ళు ఈ సబ్జెక్టు వదిలి వేరేది పట్టుకోవాలి. చేయగలిగిన వాళ్ళ పేర్లతో లిస్టు గోడకు అంటిస్తుందట.

ఆ రోజు సాక్షి అన్నం తినలేదు. అడిగితే ఆకలి లేదంది. అడగ్గా అడగ్గా, "అమ్మా, నాకు ఈ సబ్జెక్ట్ తప్ప దుస్రా ఏది వద్దు," అని ఒక్క మాట అంది. ఏదీ అడగని పిల్ల అడిగితే కాదనడం కష్టం. దీపావళికి ఫ్రిజ్ కొనాలని దాచిన డబ్బు తీసి, ఫ్రిజ్ లేకుండా ఇన్నాళ్ళు చచ్చామా అనుకుని, యమునాబాయి సెలవురోజున కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. దత్తాత్రి, "నీ కన్ను ఉన్నది గద, నేనెందుకు?" అని ఇంట్లోనే ఉండిపోయాడు.

పద్మనగర్ బజారులో హరీశ్‌ది చిన్న దుకాణం. ముంబై ఆఫీసులు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు తెచ్చి, బాగుచేసి అమ్ముతాడు. మంచివాడు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరని ముందే చెప్పడం న్యాయం. సాక్షి దగ్గర మేడమ్ రాసిచ్చిన చీటీ ఉంది: మెమరీ ఎనిమిది జీబీ ఉండాలి, లోపల కొత్త రకం డిస్క్ ఉండాలి, రూపం ఎలా ఉన్నా పర్వాలేదు. హరీశ్ చీటీ చూసి, వాళ్ళ దగ్గరున్న డబ్బుకు తగ్గట్టు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లది, మందంగా, అంచులు అరిగిపోయి ఉంది. ఇంకోటి తెల్లటి వెండిరంగుది, పలచగా, గీతన్నది లేకుండా తళతళలాడుతోంది.

"అక్కా, రేటు రెండిటికి ఒకటే. నల్లదాంట్ల మేడమ్ చెప్పినయన్ని ఉన్నయి. తెల్లది లోపట పాతది, మెమరీ సగమే. చూసుకోండ్రి," అన్నాడు.

సాక్షి చెయ్యి అప్పటికే నల్లదాని మీద ఉంది. మీటలు నొక్కి చూస్తోంది, వెనక వరసలో నిలబడ్డప్పుడు దొరకని మీటలు. యమునాబాయి కూతురి చెయ్యి పక్కకు జరిపింది.

"తమ్మీ, దీని మొఖమంత తెల్లగ చెయ్యి," అంది.

"అంటే?"

"ఏమీ లేకుంట. ఒట్టి తెలుపు. కింద లైటు వెట్టినట్టు."

హరీశ్ ఖాళీ పేజీ ఒకటి తెర నిండా తెరిచాడు. యమునాబాయి నడుం వంచి, పై అంచు నుంచి కింది అంచు దాకా, ఎడమ నుంచి కుడికి, తాను చూసినట్టే చూసింది. సగానికి రాకముందే ఆగింది. కుడివైపు పైన ఒకచోట వేలు పెట్టింది.

"ఇదేంది?"

హరీశ్ చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. సాక్షి ముక్కు తెరకు ఆనించి చూసింది. నిజమే, సూదిమొన అంత నల్ల చుక్క. నెలరోజులుగా దుకాణంలో ఉన్న సరుకులో ఆ చుక్కను ఎవ్వరూ చూడలేదు. దుకాణంలో ఇంకో ఇద్దరు కొనేవాళ్ళుంటే వాళ్ళు కూడా వచ్చి చూసి, ఆ కంటికి ఆశ్చర్యపోయారు. యమునాబాయి పైట సర్దుకుంది.

"గది ఒక్క చుక్క చచ్చిపోయింది, అక్కా. పనికేం ఫరక్ పడది," అన్నాడు హరీశ్.

"చాల్తే, నడుస్తదమ్మా," అంది సాక్షి. "నాకేం కాదు. మేడమ్ భీ చెప్పింది, పైన ఎట్లున్నా..."

"నీకు తెల్వది. మీదనే మరకుంటే లోపట ఎన్నుంటయో. మొదటి గజంల తప్పు కనవడ్డదంటే గా మగ్గమే మంచిగ లేనట్టు. ఇరువై రెండేండ్ల సంది చూస్తున్న."

బట్ట విషయంలో ఆమె మాట అక్షరాలా నిజం. మొదటి గజంలో నూనె మరక ఉన్న తాను చివరిదాకా ఏడిపిస్తుంది. అది తెలిసిన మనిషికి, మరక బట్టది కాదు లాప్‌టాప్‌ది అని చెప్పినంత మాత్రాన కళ్ళు ఒప్పుకోవు. తెల్లదాని తెర కూడా అలాగే చూసింది. చుక్క లేదు, గీత లేదు, అద్దం. లోపల పాతదని హరీశ్ ఇంకోసారి చెప్పాడు, చెవిన వేసుకోలేదు. పదిరోజుల లోపు నచ్చకపోతే మార్చి ఇస్తానన్నాడు. "నేను పాస్ చేసింది వాపస్ రాదు, తమ్మీ," అంది యమునాబాయి. సాక్షి దారంతా తెల్ల లాప్‌టాప్ ఉన్న సంచిని గుండెకు హత్తుకునే నడిచింది, అందుకని తల్లికి అనుమానం రాలేదు.

మొదటిరోజు వాళ్ళుండే చాల్‌లోని ఇరుగుపొరుగంతా వచ్చి చూసి వెళ్ళింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ అయ్యాయి. రెండోరోజు నుంచి ఇంట్లో కొత్త పద్ధతి ఒకటి మొదలైంది. సాక్షి లాప్‌టాప్ మీట నొక్కి, పక్కన నోట్‌బుక్కు తెరిచి పెన్నుతో రాసుకుంటూ కూర్చుంటుంది. అది తెరుచుకునేసరికి ఒక ప్రోగ్రాము రాయడం అయిపోతుంది. ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఇంకోటి అయిపోతుంది. తీరా రాసింది ఎక్కించి నడిపించబోతే తెర బిగుసుకుపోతుంది, మీట నొక్కి ఆపి మళ్ళీ మొదటి నుంచి. పిల్ల విసుక్కోలేదు, కోప్పడలేదు. అదే యమునాబాయికి తర్వాత ఎక్కువ గుచ్చుకుంది. తిట్టినా బాగుండేదనుకుంది.

ముందుగా పట్టుకున్నది మాత్రం ఆమె కాదు. దుర్గవ్వకు ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి, రెండు కళ్ళకూ చూపు దాదాపు పోయింది, మంచం మీద కూర్చుని చప్పుళ్ళతోనే ఇల్లంతా చూస్తుంది. ఆరోరోజు పొద్దున కోడలు డబ్బాలు సర్దుతుంటే పిలిచింది.

"యమునా, మీ మిషన్ మోగుతున్నది గని బట్ట పడ్తలేదే."

"ఏంది అత్తమ్మా?"

"గర్రు గర్రుమని అది మోగుతది. గీకు గీకుమని పిల్ల రాస్తది. మిషన్ కొన్నంక మళ్ళ చేత్తోని నేసుడేంది?"

యమునాబాయి డబ్బా మూత చేత్తో పట్టుకునే వెళ్ళి కూతురి వెనక నిలబడింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. సాక్షి నోట్‌బుక్కులో మూడో పేజీ నింపుతోంది.

"గంతసేపైతదా?"

"ఐతది అమ్మా. ఆదత్ అయింది, అలవాటే," అంది సాక్షి తల ఎత్తకుండా.

"నాకు చెప్పకపోతివి."

"నువ్వు పాస్ చేసినవ్ గద."

ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాటే అంది పిల్ల. యమునాబాయికి తల కొట్టేసినట్టయింది. వచ్చి అత్త మంచం దగ్గర చతికిలబడింది. నల్లదాంట్లో చుక్క ఉందని, మరక చూస్తూ చూస్తూ ఎలా తీసుకొస్తానని, తనలో తాను అన్నట్టు అంది. దుర్గవ్వ కాసేపు విని, "నిన్ను చూడొచ్చిననాడు నేనేం చూసిన్నే?" అంది.

"నా చేత ముడి ఏపిచ్చినవ్."

"మొఖం చూసిన్నా?"

"చూడకపోతివా ఏంది? అప్పుడు నీ కండ్లు మంచిగనే ఉండె."

"చూసిన. మచ్చ కనవడ్డది. కనవడితే ఏమాయె?" అంది దుర్గవ్వ, చాయ్ చల్లారిపోతోందని కోడల్ని కసిరింది.

ఆ మాట యమునాబాయిని రోజంతా వదల్లేదు. షోలాపూర్ వాళ్ళ ముందు తలొంచుకుని కూర్చున్న సాయంత్రం ఆమెకు ముప్పై ఏళ్ళ తర్వాత కూడా గుర్తే. వాళ్ళలో ఒకావిడ తన మొహాన్ని దీపం వైపు తిప్పమంది. తను కూడా ఆ దుకాణంలో సరిగ్గా అదే పని చేసిందని తోచి, ఒంటరిగా ఉన్నా ఆమెకు మొహం వేడెక్కింది. పని దిగగానే తెల్ల లాప్‌టాప్ సంచిలో వేసుకుని హరీశ్ దుకాణానికి నడిచింది. సాక్షికి చెప్పలేదు. నల్లది అమ్ముడుపోయి ఉంటే పిల్లకు రెండుసార్లు నిరాశ ఎందుకని.

దుకాణంలో ఒక తండ్రీ కొడుకూ బేరమాడుతున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి మెల్లగా అడగొచ్చు. హరీశ్ ఏమీ అనేవాడు కాదు కూడా. కానీ వాపసీ అంటే అలా కాదు. యమునాబాయి సంచిలోంచి తీసి, అందరి ముందూ బల్ల మీద తెరిచి, మీట నొక్కింది. చక్రం తిరగడం మొదలైంది. దాని మీద వేలు పెట్టింది.

"తమ్మీ, తప్పు ఇక్కడున్నది. నువ్వు రెండుసార్లు చెప్పినవ్, నేను ఇనలే. దీన్ని పాస్ చేసింది నేను. వాపస్ తెచ్చింది నేను," అంది.

"అయ్యో అక్కా, గంత మాటెందుకు, మార్చుకోండ్రి అని నేనే అన్న గద," అంటూ హరీశ్ కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"నల్లది ఉన్నదా?"

దీపావళి బేరాలు, పైగా ఆరురోజులైంది, అమ్ముడుపోయే ఉంటుందనుకుంది. హరీశ్ నవ్వి, బల్ల కింది నుంచి తీశాడు.

"ఎటు పోతది? మీరు చుక్క చూపిచ్చినప్పటికెళ్ళి అందరికి గదే కనవడుతున్నది. ముగ్గురు చూసి వదిలిపెట్టిండ్రు. అంతదాక నాకే తెల్వకుండె, ఇప్పుడు తెరిస్తే సాలు, ముందుగాల నా కండ్లు గాడికే పోతున్నయి. మీరొచ్చి కొంటెనే దీనికి మోక్షం, అక్కా."

యమునాబాయి కూడా నవ్వక తప్పలేదు. ఆమె కన్ను చెడగొట్టిన బేరమే ఆమె కోసం ఆగింది.

దీపావళి సెలవులన్నీ సాక్షి నల్లదాని ముందే కూర్చుంది. మీట నొక్కితే పొయ్యి మీద పాలు పొంగేలోపే తెరుచుకునేది. నోట్‌బుక్కులోని ప్రోగ్రాములు ఒక్కొక్కటే ఎక్కించింది. ముత్యాల్లాంటి అక్షరాల్లో సగం తప్పులున్నాయని తేలింది. తప్పు దొరికినప్పుడల్లా పిల్ల గట్టిగా నవ్వేది, సరిచేసేది, మళ్ళీ నడిపించేది. ఇంట్లో ఆ నవ్వు ముందెప్పుడూ వినలేదు. యమునాబాయి పక్కన కూర్చుని చూసేది, అర్థమయ్యేది కాదు, కళ్ళు మాత్రం కుడివైపు పై మూలకు పోయేవి. ఒకసారి ఆగలేక కొంగుతో తుడిచింది కూడా.

"అమ్మా, గది పోదు," అంది సాక్షి.

"నీ పనికి అడ్డం వస్తలేదా?"

"నువ్వు తుడిస్తెనే యాదికొస్తది."

ఆ తర్వాత తుడవడం మానేసింది. తప్పు చూసి కూడా సుద్దగీత గీయకుండా కూర్చోవడం ఇరవై రెండేళ్ళలో ఆమెకు అదే మొదలు. మొదట్లో చేతులు ఊరుకునేవి కావు, ఒళ్ళో ముడుచుకుని కూర్చునేది.

పరీక్ష అయిన మూడోరోజు మధ్యాహ్నం, గోదాంలో యమునాబాయి బల్ల మీద తాను నడుస్తోంది. బడి దుస్తుల్లోనే సాక్షి గుమ్మంలో వచ్చి నిలబడింది. పరిగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. పన్నెండు బల్లల వాళ్ళూ చూస్తుంటే సిగ్గుపడి లోపలికి రాలేదు.

"అమ్మా, ఉన్న. లిస్టుల నా పేరు ఉన్నది. సబ్‌సే పహ్లే, మొదటి పేరే," అంది అక్కణ్ణుంచే.

"సరే. డబ్బల అన్నం తిన్నవా?" అంది యమునాబాయి.

సాక్షి తల ఊపి, చెయ్యి ఊపి, వెళ్ళిపోయింది. యమునాబాయి తాను లాగుతూనే ఉంది. తాను అయిపోయింది, చివర ఏడో నంబరు రాసి పక్కకు పెట్టింది, ఇంకోటి ఎత్తింది.

ఐదురోజుల తర్వాత వాపసీల కట్ట వచ్చింది. సూపర్‌వైజర్ అమిత్ ఒక తాను చివర నంబరు చూసి, మళ్ళీ చూసి, తెచ్చి యమునాబాయి బల్ల మీద పెట్టాడు. అందరూ బల్లలు వదిలి చుట్టూ మూగారు. ఆమె తానుకు కట్టిన చీటీ మీద, పాస్ చేసిన తేదీ చూసుకుంది. తానును మెల్లగా విప్పింది. నడిమధ్యలో, జానెడు మేర, పేక లేనే లేదు. కింది ట్యూబులైటు నేరుగా పైకి కొడుతోంది. అప్పుడే పనిలో చేరిన మనిషైనా పట్టుకునేంత తప్పు.

యమునాబాయి దాని మీద వేలు పెట్టి అందరికీ చూపించింది. ముద్ర అడిగి తీసుకుని, సిరా అద్ది, గట్టిగా కొట్టింది.

"ఇంత పెద్దది ఎట్ల తప్పిందక్కా నీ కంటికి?" అంది పక్క బల్ల లత, నమ్మలేక.

"ఆ దినం కండ్లల్ల నీళ్ళుండెనే, లతా. ఏం కనవడలే," అని యమునాబాయి ఇంకో తాను బల్ల మీదికి లాక్కుంది.